కంట్రోల్ పీ నొక్కితే తాత వచ్చాడు

ఆ రోజుల్లో మనిషి విలువ వాడికి తెలిసిన షార్ట్‌కట్ల సంఖ్యను బట్టి ఉంటుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. కొందరు పొలాన్ని నమ్ముకుంటారు, కొందరు పార్టీని నమ్ముకుంటారు. మా నాయనకున్న మూడెకరాల మెట్టలో రాళ్లు తప్ప నమ్మదగ్గది ఏదీ పండేది కాదు గనక నేను కంట్రోల్ బటన్‌ను నమ్ముకున్నాను. నాకు కంప్యూటర్ నేర్పిన సారు మొదటి రోజే ఉపదేశం చేశాడు: మౌసు ముట్టుకునేవాడు కస్టమరు, ముట్టుకోనివాడు ఆపరేటరు. ఆ మాట చెవిన పడగానే జన్మ తరించిందనుకుని నలభై రెండు షార్ట్‌కట్లు ఎక్కాల మాదిరి బట్టీ పట్టాను. అన్నం తింటున్నా నా ఎడమచేతి చిటికెన వేలు కంచం అంచు మీద కంట్రోల్ కోసం వెతుక్కునేది. మా అమ్మ అది చూసి నరాల బలహీనత అనుకుని నెల రోజులు నాచేత ఉలవచారు తాగించింది. విద్యావంతుల కష్టాలు ఇంట్లోవాళ్లకు ఎప్పుడు అర్థమయ్యాయి గనక.

ఇంతటి విద్యకు తగిన ఉద్యోగం బద్వేల్లో ఒక పెండ్లి కార్డుల అంగట్లో దొరికింది. ఓనరును ఊరంతా వర్జ్యమన్న అనేవాళ్లు. అంగడి తలుపు తియ్యాలన్నా, యూపీఎస్ ఆన్ చెయ్యాలన్నా, ప్రింటరులో ఇంకు పొయ్యాలన్నా ఆయన పంచాంగం చూసేవాడు. (కరెంటు మాత్రం పంచాంగం చూడకుండానే పోయేది.) ఆయన భార్యను మేం వదినా అని పిలిచేవాళ్లం. ఆమె శుక్రవారం శుక్రవారం వచ్చి సాంబ్రాణి వేసి, యంత్రాలన్నిటికీ బొట్లు పెట్టి పోయేది. అంగట్లో ఉన్నది ఒకటే కంప్యూటరు. దాని మీద కార్డులోని మాటలు టైపు చేసేది చాచా, వాటిని అందంగా పేర్చి డిజైన్ చేసేది నేను.

చాచా గురించి కొంచెం చెప్పాలి. ముప్పై ఏండ్లు పాత ప్రెస్సులో సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చిన మనిషి ఆయన. ఆ పనిలో ఎడమచేతిలో స్టిక్కు అనే ఇనుప పట్టీ పట్టుకుని, కుడిచేత్తో అక్షరాలు తీసి అందులో వరుసగా పెట్టుకుంటూ పోతారు. ప్రెస్సు మూతపడింది, సీసం తూకానికి పోయింది, స్టిక్కు ఎటుపోయిందో దేవుడికే తెలియాలి. చాచా ఎడమచెయ్యికి మాత్రం ఆ కబురు చేరలేదు. కంప్యూటరు ముందు కూర్చున్నా అది గుండెల దగ్గర అరచెయ్యి పైకి పెట్టుకుని, లేని స్టిక్కును పట్టుకునే ఉండేది. అప్పుడప్పుడూ అందులో టీ గ్లాసు ఉండేది, అంతే తేడా. టైపంతా కుడిచేతి వేళ్లతోనే, ఒక్కో అక్షరం వెతుక్కుని, దానికి సలాం చెప్పినట్టు మెల్లగా నొక్కేవాడు. ఆయన ఒక కార్డు ముగించేలోపల నేను రెండు టీలు తాగి, మూడుసార్లు నిట్టూర్చి, ఈ ముసలాయన ఎప్పుడు రిటైరవుతాడా అని ఆలోచించేవాణ్ణి. అంత గొప్ప మనసు నాది.

మా అంగట్లో ఒక ఆచారం ఉండేది. మిగతా కార్డులు ఎప్పుడు కొట్టినా సరే, తొలి కార్డు మాత్రం పెండ్లివాళ్ల ముందే, మంచి ఘడియలో ప్రింటు కావాలి. ఇంటిల్లిపాదీ వచ్చి బెంచీ మీద కూర్చుంటారు. వర్జ్యమన్న గడియారం చూస్తూ నిలబడి, ఘడియ రాగానే "ఊ" అంటాడు. అప్పుడు నేను కుర్చీ కొంచెం వెనక్కి జరిపి, రెండు చేతులూ గాల్లోకి లేపి, కీబోర్డు వైపు చూడకుండా, కస్టమర్ల మొహాల్లోకి చూస్తూ కంట్రోల్ పీ కొట్టేవాణ్ణి. ప్రింటరు బర్రుమనేది. ఆడవాళ్లు ఆశ్చర్యపోయేవాళ్లు. కనీసం నేను అలా అనుకునేవాణ్ణి. బయటికొచ్చిన కార్డుకు నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి పటం ముందు పెట్టుకుని పోయేవాళ్లు. ఆ పెండ్లిళ్లన్నీ నా చిటికెన వేలితోనే మొదలవుతున్నాయని నా అభిప్రాయం.

ఒక సోమవారం బద్వేలు పక్క పల్లె నుంచి ఒక కుటుంబం వచ్చింది. పెండ్లికూతురు, వాళ్ల నాయన, వాళ్ల అవ్వ. ఇంట్లో మాట చెల్లేది అవ్వదే అని ఆమె బెంచీ మీద కూర్చున్న తీరులోనే తెలిసిపోయింది, మిగతా ఇద్దరికీ కలిపి జానెడు చోటు మిగిల్చింది. కార్డు మీద పైన కోదండరాముడు (మా వైపు పెండ్లికార్డంటే ఒంటిమిట్ట రాముడు ఉండాల్సిందే), నడుమ వధూవరుల పేర్లు, కింద ఎడమ మూలన రెండేండ్ల కిందట పోయిన తాత ఫోటో, దాని కింద 'దివ్యాశీస్సులతో' అని. తాతకు తలపాగా, కోర మీసం, ఎవరి మీదో ఇంకా కోపం పోని చూపు. అంతా అయిపోయింది అనుకుంటుండగా అవ్వ తాతను ఇంకొంచెం పెద్దది చెయ్యమంది. నేను ట్యాబ్ కొట్టి తాత ఫోటోను పట్టుకుని, మౌసు ముట్టకుండానే కొంచెం పెద్దది చేశాను. వర్జ్యమన్న "ఊ" అన్నాడు. నేను చేతులు గాల్లోకి లేపి, అవ్వ మొహంలోకి చూస్తూ కంట్రోల్ పీ కొట్టాను.

ప్రింటరు కిక్కురుమనలేదు. అవ్వ మొహం మాత్రం మారిపోయింది. ఆమె చూపు వెంట నేను స్క్రీన్ వైపు తిరిగి చూస్తే, మూలన ఉండాల్సిన తాత కార్డు నట్టనడుమకు వచ్చి, పెండ్లికొడుకు పేరు మీద ఒక కాలు, పెండ్లికూతురు పేరు మీద ఒక కాలు వేసినట్టు కూర్చుని ఉన్నాడు. నేను మళ్లీ కొట్టాను. తాత కదల్లేదు. చేసింది చెరిపేసే కంట్రోల్ జడ్ కొట్టాను. తాత నన్ను లెక్కచెయ్యలేదు. ఆ నిమిషంలో మౌసు పట్టుకుని తాతను పక్కకు జరిపి ఉంటే ఈ కథే లేదు. కానీ కస్టమర్ల ముందు మౌసు ముట్టుకుంటే మా సారు ఆత్మ క్షోభించదూ? (సారు అప్పటికి బతికే ఉన్నాడు. అయినా క్షోభిస్తుందని నా భయం.) అలా పదిసార్లు కొట్టేసరికి ఘడియ దాటిపోయింది. వర్జ్యమన్న చెమట తుడుచుకుంటూ చాచాను పిలిచాడు. చాచా తీరిగ్గా వచ్చి, మౌసుతో తాతను మూలకు పంపి, ఎడమచెయ్యి గుండెల దగ్గరే పెట్టుకుని, కుడిచెయ్యి ఒక్కటి కీబోర్డు మీద ఆనించాడు. ప్రింటరు బర్రుమంది.

అవ్వ ఆ కార్డు ముట్టుకోలేదు. పెండ్లికూతురి నాయన ఏదో సర్దిచెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. పెండ్లికొడుకు జేజినాయనా (నాయనకు నాయన) ఈ తాతా ఒకప్పుడు బండలాగుడు పోటీల్లో ఎద్దులు కట్టినవాళ్లు. ఒక తిరునాళ్లలో తాత ఎద్దులు జానెడు దూరంలో ఓడిపోయాయి. టేపు పట్టినవాడు అవతలివాళ్ల బంధువని తాత చచ్చేదాకా నమ్మాడు, ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టనని ఒట్టేసుకున్నాడు. ఆయన పోయాక పిల్ల నాయన ఈ సంబంధం ఒప్పుకున్నాడు, అవ్వ సరేనంది. ఇప్పుడు తాత తానే లేచొచ్చి అడ్డంగా కూర్చుంటే ఆమె ఏం చేస్తుంది?

"మీ నాయన వద్దంటాండాడు రా," అంది అవ్వ కొడుకుతో. "శుక్రవారం మళ్లా వద్దాం. ఆ పొద్దు గూడా అడ్డమొస్తే ఈ పెండ్లి ఆపేద్దాం."

పెండ్లికూతురు స్క్రీన్ మీద తాత ఫోటోనే చూస్తూ నిలబడింది. పాపం పెండ్లి ఆగుతుందని బాధపడుతోందని నేను నిర్ణయించుకున్నాను. ఆడపిల్లల మనసు చదవడంలో నాకు అప్పటికే మంచి నైపుణ్యం ఉండేది.

వాళ్లు పోయాక వర్జ్యమన్న నన్ను కూర్చోబెట్టుకుని అరిచి ఉంటే బాగుండేది, ఆయన మెత్తగా మాట్లాడాడు. మన అంగట్లో కార్డు కొట్టిస్తే పెండ్లి నిలబడదని ఒక్కసారి పేరొస్తే ఇంక తలుపులు తీసే పని ఉండదన్నాడు. శుక్రవారంలోగా నా చేతికి ఏమైందో చూసుకోమన్నాడు. నేను కీబోర్డు పాడైందేమో, కొత్తది కొందామన్నాను. ఆయన చాచాను పిలిచి నొక్కమన్నాడు. ప్రింటు వచ్చింది. నన్ను నొక్కమన్నాడు. రాలేదు.

"కీబోర్డు బాగానే ఉండాది గదప్పా," అన్నాడు వర్జ్యమన్న. "మార్చాల్సింది చెయ్యి."

అదే కీబోర్డు, అదే కంప్యూటరు, అదే కార్డు. ఆయన నొక్కితే వస్తుంది, నేను నొక్కితే రాదు. డాక్టరుకు హస్తవాసి ఉంటుందని విన్నాను, విత్తనం వేసే చేతికి ఉంటుందని విన్నాను. నలభై రెండు షార్ట్‌కట్లు తెలిసినవాడికి కూడా హస్తవాసి కావాలని మా సారు సిలబస్‌లో పెట్టలేదు.

మంగళవారం నా శాస్త్రీయ పరిశోధన మొదలైంది. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. (ఈ పని మొత్తం ఎనిమిదిసార్లు చేశాను, ప్రతిసారీ ఇంకొంచెం నమ్మకంతో.) వైరస్ అనుకుని స్కాన్ చేశాను. ప్రింటరు వైరు ఊడదీసి, ఊది, మళ్లీ పెట్టాను. డిజైన్ ప్రోగ్రామును తీసేసి కొత్తగా ఎక్కించాను. ప్రతి వైద్యం తర్వాతా నేను నొక్కేవాణ్ణి, ఏమీ జరిగేది కాదు. తాత కూడా కదిలేవాడు కాదు, మూలన కూర్చుని నా తిప్పలు చూసేవాడు. తర్వాత చాచా వచ్చి నొక్కేవాడు, ప్రింటరు బర్రుమనేది. చివరికి సారుకు ఫోన్ చేశాను. సారు నా బాధంతా వినకముందే ఫార్మాట్ కొట్టమన్నాడు. ఆయన దగ్గర అన్ని రోగాలకూ అదొక్కటే మందు, అప్పట్లో తెలియలేదు. బుధవారమంతా ఫార్మాట్ కొట్టాను. దాంతో మా తెలుగు ఫాంట్లన్నీ పోయాయి (వాటినీ కార్డులనూ సీడీల నుంచి రాత్రికి మళ్లీ ఎక్కించుకున్నాను), వర్జ్యమన్న ప్రాణప్రదంగా చూసుకునే పంచాంగం ప్రోగ్రాము పోయింది. షార్ట్‌కట్ మాత్రం, మిగతా షార్ట్‌కట్లతో సహా, ఎలా చచ్చిందో అలాగే ఉంది. పంచాంగం లేని కంప్యూటరు ముందు వర్జ్యమన్న రెండు గంటలు ఏ పనీ మొదలుపెట్టలేక నిలబడ్డాడు.

ఇక శాస్త్రం వల్ల కాదని తేలిపోయింది గనక గురువారం వైద్యం వదిన చేతిలోకి పోయింది. నాచేత పసుపు నీళ్లతో మోచేతుల దాకా కడిగించారు. నిమ్మకాయ దిగదీశారు. కుర్చీని తూర్పు ముఖానికి తిప్పారు, దానివల్ల నేను స్క్రీన్‌ను మెడ తిప్పి చూడాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి కబురు పక్క అంగళ్లకు పాకింది. ఇంకో పెండ్లివాళ్లు వచ్చి, ముసలాయన చేత్తో నొక్కిస్తేనే కార్డు కొట్టిస్తామని షరతు పెట్టారు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని, నా చెయ్యి వాళ్ల కార్డు మీద పడకుండా ఒళ్లో పెట్టుకున్నాను. సిగ్గు వదిలి చెప్పాలంటే ఆ సాయంత్రం బస్సులో ఇంటికి పోతూ నా అరచెయ్యి నేనే తిప్పి తిప్పి చూసుకున్నాను. ఏడుపొచ్చింది. చాచా మీద కోపం వచ్చింది, తాత మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

శుక్రవారం పొద్దున వదిన సాంబ్రాణి గిన్నెతో వచ్చింది. నేను మామూలుగా ఆ టైముకు టీకి పోయేవాణ్ణి. ఆ రోజు ఎవరి మొహమూ చూడబుద్ధికాక మూలన కూర్చుండిపోయాను గనక ఆమె ఏం చేస్తోందో మొదటిసారి చూశాను. ప్రింటరు నుదుట ఒక బొట్టు పెట్టింది. మానిటరుకు ఒక బొట్టు. తర్వాత పసుపు గిన్నెలో వేలు ముంచి, శుభలేఖకు రాసినట్టే, కీబోర్డుకు నాలుగు మూలలా రాసింది. పై మూలలు రెండు అయ్యాయి, కింది కుడి మూల అయింది, కింది ఎడమ మూలన తడి పసుపు ముద్ద పెట్టి దాని మీద కుంకుమ అద్దింది. కింది ఎడమ మూలన ఉండేది కంట్రోల్ బటన్. అంగడి తెరిచినప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఇదే చేస్తున్నానని ఆమె సంతోషంగా చెప్పింది. నేను మెల్లగా పోయి ఆ బటన్‌ను వేలితో నొక్కి చూశాను. కింద ఏదో మెత్తగా అడ్డుపడింది. ఏండ్ల తరబడి పూసిన పసుపూ కుంకుమా గంధమూ కింద గట్టిపడి అట్టలా పేరుకుపోయింది.

మరి చాచాకు ఎలా వస్తోంది? అంతలో చాచా వచ్చి కూర్చుని, పొద్దుటి పని మొదలుపెట్టాడు. అన్ని రోజులూ నేను ఆయన నొక్కేటప్పుడు స్క్రీన్ వైపో ప్రింటరు వైపో చూశాను, అందరూ అటే చూశారు. ఆ రోజు ఆయన చేతి వైపు చూశాను. ఎడమచెయ్యి స్టిక్కు పట్టుకుని గుండెల దగ్గరే ఉంది. కుడిచేతి బొటనవేలు స్పేస్ బార్‌కు కుడిపక్కన ఉన్న ఒక బటన్ మీద ఆనింది, చూపుడువేలు పీ మీద పడింది. ఆ కుడిపక్క బటన్ మీద కూడా కంట్రోల్ అనే రాసి ఉంది. కీబోర్డు మీద కంట్రోల్ రెండు చోట్ల ఉంటుందని, రెండోది మూలన కాకుండా కొంచెం లోపలికి ఉండబట్టి వదిన పసుపు తప్పించుకుందని, నలభై రెండు షార్ట్‌కట్ల పండితుణ్ణి నేను, నాకప్పుడే తెలిసింది. కంట్రోల్ పడకుండా ఒట్టి పీ ఒక్కటే నొక్కితే మా డిజైన్ ప్రోగ్రాములో, అప్పటికి పట్టుకుని ఉన్న బొమ్మ పోయి కాగితం నట్టనడుమ కూర్చుంటుందని కూడా అప్పుడే చేసి చూసి కనుక్కున్నాను. సోమవారం నేను పట్టుకుని ఉన్నది తాతను.

నా ఆనందం చెప్పనలవి కాదు. పదకొండు గంటలకు పెండ్లివాళ్లు వస్తారు. అందరి ముందూ ఆ బటన్ పీకి, దాని కింది పసుపు ఉండ తీసి చూపించి, మూఢనమ్మకాల మీద ఒక ఉపన్యాసం ఇచ్చి, కుర్చీ వెనక్కి జరిపి, చేతులు గాల్లోకి లేపి... ఉపన్యాసంలో మొదటి నాలుగు వాక్యాలు మనసులో తయారు చేసుకుంటుండగా పదింటికే పెండ్లికూతురు వచ్చింది, ఒక్కతే. వర్జ్యమన్న టిఫిన్‌కు పోయాడు, వదిన ఇంటికి పోయింది, చాచా వెనక స్టూలు మీద టీ తాగుతున్నాడు. ఆమె ఒక కాగితం ఇచ్చి రెండు జిరాక్సులు అడిగింది. అది పోలీసు కానిస్టేబుల్ పరుగు పరీక్షకు పిలుపు. రాతపరీక్ష పాసయింది, పరుగు రెండు నెలల తర్వాత. పెండ్లి మూడు వారాల్లో.

"మా తాత ఈ పొద్దు గూడా వస్తాడాన్నా?" అని అడిగింది.

భయపడుతోంది పాపం అనుకుని నేను నవ్వి, ఇంక ఏ తాతా రాడని ధైర్యం చెప్పాను. నా ఉపన్యాసానికి రిహార్సల్ కూడా అవుతుందని ఎడమ కంట్రోల్, కుడి కంట్రోల్, పసుపు, పీ, నట్టనడుమ, అంతా విడమరిచి చూపించాను. ఆమె చాలా శ్రద్ధగా విన్నది. నా జీవితంలో ఇంకెవరూ అంత శ్రద్ధగా వినలేదు. అంతా విని, కీబోర్డు కింది మూలన పసుపు బొట్టు వైపు చూసింది.

"అయితే ఆ ఎడంపక్కదే నొక్కన్నా," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె తల వంచుకుని మెల్లగా చెప్పింది. పెండ్లికొడుకు వాళ్లు పోలీసు కోడలు మాకొద్దన్నారట. ఈ పరీక్షలు అవీ ఆపెయ్యమన్నారట. నాయన సరేనన్నాడు. ఆమె రోజూ తెల్లవారుజామున నీళ్లు లేని చెరువులో పరుగెత్తేది. తాత బతికున్నన్నాళ్లూ గట్టు మీద కూర్చుని, బండలాగుడు పోటీలకు వాడిన పాత గడియారంతో టైము పట్టేవాడు, దూరం మాత్రం ఎవరి టేపునూ నమ్మకుండా తన అడుగులతోనే కొలిచేవాడు.

"పెండ్లి ఎగ్గొట్టమనడం లేదన్నా. రెండు నెల్లు ఆగితే చాలు," అంది. "తాత ఉండింటే నిజంగానే అడ్డమొచ్చేటోడు. నువ్వు అబద్ధమేం ఆడనట్టే లెక్క."

ఇక్కడ నేను వెంటనే ఒప్పుకున్నానని రాస్తే బాగుంటుంది. ఒప్పుకోలేదు. నాలుగు రోజులుగా నా చెయ్యి పనికిరాదని ఊరంతా అంటోంది. అది అబద్ధమని చూపించే రుజువు నా వేలి కింద ఉంది. ఆ రుజువును నేనే పూడ్చిపెట్టి, జీవితాంతం హస్తవాసి లేనివాడిగా బతకాలా? చూద్దాంలే అన్నాను, అటూ ఇటూ కాకుండా. జిరాక్సులు తీసుకుని ఆమె పోయింది. చాచా టీ గ్లాసు కడిగి పెట్టుకున్నాడు.

పదకొండింటికి అందరూ వచ్చారు. అవ్వ ఈసారి తాత ఫోటో ఇంట్లోంచి కూడా ఒకటి తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, సాక్ష్యానికి కాబోలు. వర్జ్యమన్న గడియారం చూస్తున్నాడు. నేను కార్డు తెరిచాను. పెండ్లికూతురు తన నాయన వెనక నిలబడి ఉంది, నన్ను చూడటం లేదు, కీబోర్డును చూస్తోంది. ఉపన్యాసంలోని నాలుగు వాక్యాలూ నోటిదాకా వచ్చాయి. వర్జ్యమన్న "ఊ" అన్నాడు. నేను ఫోటో సరిచేస్తున్నట్టు తాతను పట్టుకున్నాను. ఈసారి చేతులు గాల్లోకి లేపలేదు. తల వంచుకుని, చిటికెన వేలితో పసుపు బొట్టు మీద మెత్తగా నొక్కి, పీ కొట్టాను. తాత ఎగిరి నట్టనడుమకు వచ్చి కూర్చున్నాడు.

అవ్వ లేచి స్క్రీన్‌కు దండం పెట్టింది. పిల్ల నాయన మాత్రం ఒప్పుకోలేదు. ఈ పిల్లోడి చెయ్యే మంచిది కాదని ఊరంతా చెప్తోంది, ముసలాయన చేత్తో నొక్కించండి, దాంతో వస్తే తాతకు అభ్యంతరం లేనట్టే అన్నాడు. అవ్వ ఆలోచించి, అదీ న్యాయమేనంది. అంత చేసీ ఏమీ కాకుండా పోతోంది. చాచా నొక్కితే ప్రింటు రాకపోవడమంటూ లేదు.

చాచా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నన్ను చూశాడు, ఆ పిల్లను చూశాడు. తాతను మౌసుతో మూలకు జరిపి, చెయ్యి తీశాడు. తర్వాత, ముప్పై ఏండ్లు సీసం మోసి, ఇంకో పదేండ్లు ఏమీ లేకుండానే మోసిన ఆ ఎడమచెయ్యి గుండెల దగ్గర నుంచి మెల్లగా కిందికి దిగింది. స్టిక్కు కింద పెట్టినంత జాగ్రత్తగా దించి, చిటికెన వేలు పసుపు బొట్టు మీద ఆనించి, కుడిచేత్తో పీ నొక్కాడు.

తాత నట్టనడుమకు వచ్చాడు. ప్రింటరు కిక్కురుమనలేదు.

"ఈ పొద్దు నా చేతికి గూడా రాలేదప్పా," అన్నాడు చాచా. "పెద్దాయన మాట వినండి. రెండు నెల్లు ఆగండి."

పెండ్లికూతురు వాళ్లు రెండు నెలలు ఆగారు. అంతవరకు ఆగలేక పెండ్లికొడుకు వాళ్లు ఇంకో సంబంధం చూసుకున్నారు, కార్డులు వేరే ఊళ్లో కొట్టించుకున్నారు. శనివారం పొద్దున నేను గుండుసూదితో బటన్ కింది పసుపంతా గీకేశాను. షార్ట్‌కట్ చక్కగా పనిచేసింది, కానీ ఆ సంగతి ఎవరికి చెప్పుకోను? చాచా పేరుకు ఒక్క మచ్చ రాలేదు, ఆ ఒక్కరోజు తాతే ఆయన చెయ్యి పట్టుకున్నాడని ఊరు తీర్పు చెప్పింది. నాకు మాత్రం అదృష్టం తిరగలేదు. వర్జ్యమన్న నన్ను పనిలోంచి తియ్యలేదు, దయగల మనిషి. పెండ్లికార్డుల నుంచి తప్పించి పెద్దకర్మ కార్డులు అప్పగించాడు. వాటికి ఎవరూ హస్తవాసి అడగరు. ఏడాదిన్నర పాటు బద్వేలు చుట్టుపక్కల పోయినవాళ్లందరినీ నేనే చక్కగా, సకాలంలో, కంట్రోల్ పీతో సాగనంపాను. ఉపన్యాసం మాత్రం లోపలే ఉండిపోయింది. ఇన్నేండ్ల తర్వాత మీకు చెప్పేదాకా.

నా పెండ్లికి కార్డు అదే అంగట్లో కొట్టించాం. మా అమ్మ నన్ను కీబోర్డుకు నాలుగడుగుల దూరంలో నిలబెట్టింది. అప్పటికి చాచాకు చూపు తగ్గింది, అయినా ఆయన చేత్తోనే కావాలంది. ఆయన కుడిచేతి బొటనవేలితో కుడి కంట్రోల్ వెతుక్కుంటుంటే నేను ఉండబట్టలేక, ఎడమది కూడా ఇప్పుడు బాగానే పనిచేస్తుంది చాచా అన్నాను, చెవి దగ్గర.

"వద్దులే బేటా," అన్నాడు. "నీ పెండ్లి నిలబడాల."

మొన్న ఒంటిమిట్ట కల్యాణానికి పోయాం. జనం విరగబడి ఉన్నారు. తాడు పట్టుకుని జనాన్ని అదుపు చేస్తున్న ఒక కానిస్టేబులమ్మ నన్ను రెండు క్షణాలు చూసి గుర్తుపట్టి, నవ్వు ఆపుకుంటూ, "అన్నా, ఎడంపక్క పో," అంది. కుడిపక్క వరుస చిన్నదిగా, చకచకా కదులుతోంది. ఎడమది చాలా పొడుగుంది. మా ఆవిడ కుడిపక్కకు లాగింది, అప్పట్లో నేనయితే దగ్గరి దారి ఉండగా వేరేది పట్టేవాణ్ణి కాదు. పోలీసుల మాట వినాల అని చెప్పి, ఎడమ వరుసలో గంటన్నర నిలబడ్డాను.